ఆ కుట్లు ముట్టిన చేయి

మా వార్డుకు ట్రైనింగ్ కోసం వచ్చే నర్సింగ్ పిల్లలకు మొదటి రోజు చేతులు కడుక్కోవడం నేర్పేది నేనే. ఆ పని నాకెవరూ అప్పగించలేదు. నాకు నేనే నెత్తిన వేసుకున్నాను. అరచేతులు, వేళ్ళ సందులు, బొటనవేళ్ళు, గోళ్ళు, మణికట్టు, అన్నీ వరుసగా రుద్దిస్తాను. ఆ తర్వాత అందరి ఫోన్లూ తీసుకుని అల్మరాలో పెట్టి తాళం వేస్తాను. పిల్లలు నా వెనక ఏమని తిట్టుకుంటారో నాకు తెలుసు, తిట్టుకోనివ్వండి. మొన్న ఒకమ్మాయి ముఖం మీదే అడిగింది, ఫోన్ల మీద మీకెందుకు మేడం అంత కోపం అని. "రూలు" అని చెప్పి తప్పించుకున్నాను. రూలూ కాదు, గీలూ కాదు. అది నేను చదువుకునే రోజుల్లో చేసిన ఒక పని. దాన్ని మొదటి నుంచి చివరిదాకా ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ కూడా కాలేజీ పేరు, దవాఖానా పేరు రాయను. వాళ్ళు నాకు నేర్పాల్సిందంతా నేర్పారు. తప్పు నాది.

మాది కొత్తగూడెం దగ్గర కార్మికుల కాలనీ. నాన్న బొగ్గుబావిలో పని చేసేవాడు. షిఫ్టు దిగి ఇంటికొచ్చాక పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన కూర్చుని, గోళ్ళ సందుల్లో నలుపు పోయేదాకా చేతులు రుద్దుకునేవాడు. అమ్మ కంచం పెట్టుకుని విసుక్కునేది. బొగ్గు కంటికి కనబడుతుంది కాబట్టి ఆయనకు చేతులు కడుక్కోమని ఎవరూ క్లాసు పీకాల్సిన అవసరం రాలేదు. నాకు మాత్రం ఏళ్ళ తరబడి పీకారు.

నాకు చిన్నప్పటి నుంచీ ఒక రోగం ఉంది. "నాకు తెలియదు" అనే మాట నా నోట్లోంచి రాదు. బళ్ళో టీచరు అడిగినా, ఇంట్లో చుట్టాలు అడిగినా ఏదో ఒకటి చెప్పేసేదాన్ని. నర్సింగులో చేరాక చేతికి ఫోన్ వచ్చింది. ఇక నన్ను పట్టేవాళ్ళు లేకపోయారు. హాస్టల్లో ఎవరికి ఏ మెసేజ్ వచ్చినా నా దగ్గరికి తెచ్చేవాళ్ళు. ఉల్లిగడ్డ కోసి గదిలో పెడితే జ్వరాలు రావట, నిజమేనా? పసుపు నీళ్ళు తాగితే షుగర్ పోతుందట, నిజమేనా? నేను మూడు ప్రశ్నలు వేసేదాన్ని. ఇది రాసిందెవరు? ఎప్పుడు రాశారు? దీని వెనక ఎవరైనా ఏదైనా అమ్ముకుంటున్నారా? ఈ మూడింటికీ జవాబు లేకపోతే చెత్తబుట్టలోకి పంపేదాన్ని. హాస్టల్లో నాకు "నెట్టు పంతులమ్మ" అని పేరు పెట్టారు. ఎగతాళికే పెట్టారు కానీ నేను దాన్ని బిరుదులాగే మోసుకు తిరిగాను.

ఆఖరి సంవత్సరంలో మా కాలేజీ మేడం నాకు ఇచ్చిన ప్రాజెక్టు కూడా అట్లాంటిదే. నర్సింగ్ విద్యార్థినులు ఆరోగ్యం గురించి ఆన్‌లైన్‌లో ఎట్లా వెతుకుతారు, ఏది నమ్ముతారు, అంటురోగాలు రాకుండా ఏం జాగ్రత్తలు పాటిస్తారు అన్నది నేను తేల్చాలి. ప్రశ్నలన్నీ నేనే తయారు చేశాను. ఒక్కో ప్రశ్న కింద మూడు గడులు గీశాను: ఎప్పుడూ, అప్పుడప్పుడు, ఎప్పుడూ లేదు. కాగితాలు జెరాక్స్ తీయించి సంచిలో పెట్టుకున్నాను. అదే నెలలో మమ్మల్ని అడవికి దగ్గరగా ఉన్న ఒక దవాఖానాకు, బాలింతల వార్డులో పోస్టింగుకు పంపారు.

ఆ వార్డులో మూలమంచం మీద ఒక బాలింత ఉండేది. ములకలపల్లి దాటి అడవిలోకి పోతే వచ్చే ఊరు వాళ్ళది. నాకంటే ఒక ఏడాది చిన్నదేమో. మొదటి కాన్పు, పెద్ద ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. భర్త ఏన్కూరు దిక్కు మిర్చి కోతకు పోయాడు, వారానికొకసారి వచ్చి చూసి వెళ్ళేవాడు. వెంట ఉన్నది తల్లి. సన్నగా, పొట్టిగా ఉండేది. మంచం కింద చాప పరుచుకుని, పిల్ల కెవ్వుమంటే ముందు తానే లేచేది. తల్లీకూతుళ్ళు వాళ్ళ భాషలో మాట్లాడుకునేవాళ్ళు. తల్లికి తెలుగు వచ్చు కానీ మాకోసం ఒక్కో మాటా వెతుక్కుని మాట్లాడేది.

"మా ఊళ్ళ ఎవ్వల పిల్ల పుట్టినా మొదటి తానం మా అమ్మనే పోస్తది సిస్టరమ్మా," అని కూతురు గొప్పగా చెప్పింది ఒక రోజు. "నేను పుట్టినప్పుడు గూడ ఎవ్వల్ని ముట్టనియ్యలేదంట. లేచి తనే పోసిందంట."

తల్లి సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చేతుల్లో పసిపిల్ల ఎంత సులువుగా ఒదిగేదో నేను చూశాను. మేము నలుగురం కలిసి బొమ్మ మీద నేర్చుకున్న పట్టు ఆమె ఒంటిచేత్తో పట్టేది.

ఆపరేషన్ అయిన నాలుగో రోజు ఇన్‌ఛార్జి సిస్టర్ నన్ను పిలిచింది. "మూలమంచం బాలింతకు డ్రెస్సింగ్ నువ్వు చెయ్యి. షురూ చేస్తుండు, నేను వస్త. మంచిగ చేస్తే నీ రికార్డుల సంతకం పెడ్త," అంది. మాకు ఒక్కో పనికి రికార్డు పుస్తకంలో సంతకం ఉండాలి, లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. నా పుస్తకంలో ఆ గడి ఖాళీగా ఉంది. నాకు సాయం నా రూమ్మేట్ వచ్చింది. ఆమెది ఖమ్మం, వాళ్ళింట్లో తాతల నుంచీ బట్టలు కుట్టే పని. సూదిలాంటి పిల్ల, చూపు నుంచి ఏదీ తప్పించుకోదు.

చేతులు కడుక్కున్నాను. ఆ మాట నిజం, పద్ధతి ప్రకారం కడుక్కున్నాను. గ్లౌజులు తొడుక్కున్నాను. రూమ్మేట్ పాత కట్టు విప్పింది. కుట్లు ఆరి శుభ్రంగా ఉన్నాయి, ఎక్కడా ఎరుపు లేదు, తడి లేదు. నేను దూది పట్టుకున్నాను. అక్కడ నా బుర్ర ఆగిపోయింది. తుడవాల్సింది కుట్ల నుంచి బయటికా, బయట నుంచి కుట్ల వైపుకా? క్లాసులో నేర్చుకున్నదే. పరీక్షలో రాసిందే. కానీ అంతకు ముందు రోజు ఒక వీడియోలో ఎవరో తిరగేసి చేస్తుంటే చూసి నవ్వుకున్నాను. నవ్విన ఆ వీడియోనే ఇప్పుడు కళ్ళ ముందు ఆడుతోంది, క్లాసులో చెప్పింది గుర్తుకు రావడం లేదు.

సిస్టర్ వచ్చేదాకా ఆగొచ్చు. పక్కనే ఉన్న రూమ్మేట్‌ను అడగొచ్చు. ఆ రెండూ నాకు తోచలేదంటే అబద్ధం. తోచాయి. నెట్టు పంతులమ్మకు తుడవడం తెలియదట అని హాస్టలంతా నవ్వడం కూడా తోచింది. బాలింత నా ముఖం వైపే చూస్తోంది, తల్లి కూడా. నేను ఏప్రన్ జేబులోంచి ఫోన్ తీశాను.

గ్లౌజు మీద నుంచి వేలిముద్ర పడలేదు. నంబరు కొట్టి తెరిచాను. బొటనవేలితో జరుపుతూ వెతికాను. నమ్మదగిన పేజీనే పట్టాను, నా మూడు ప్రశ్నలకూ నిలబడే పేజీ. కుట్ల నుంచి బయటికి, ఒక్కో దూది ఒక్కసారికే అని ఉంది. హమ్మయ్య అనుకుని ఫోన్ మంచం అంచు మీద పెట్టాను. ఆ పేజీలోనే ఇంకొంచెం కిందికి పోతే, గ్లౌజులు తొడుక్కున్నాక ఇంకే వస్తువూ ముట్టకూడదు, ముడితే మార్చుకోవాలి అని రాసి ఉంది. అది తర్వాత చూశాను. చూడకపోయినా నాకు తెలియని సంగతి కాదు. ఆ ఫోన్ పొద్దున హాస్టల్ బాత్రూం గూట్లో ఉంది, తర్వాత బస్సు సీటు మీద, ఆ తర్వాత క్యాంటీన్ బల్ల మీద.

"గ్లౌజులు మార్చవే," అంది రూమ్మేట్ పెదవులు కదపకుండా.

"ఒక్క జతే ఇచ్చిండ్రు."

"నేను సిస్టర్‌ని అడిగి తెస్త."

"ఎందుకని అడిగితే ఏం చెప్తవ్? ఊకో."

ఊకుంది. నేను తుడిచాను, పేజీలో చెప్పినట్టే, కుట్ల నుంచి బయటికి. లోపల ఏమైనా నీరు పట్టిందేమో చూడాలని కుట్లకు అటూ ఇటూ రెండు వేళ్ళు పెట్టి మెల్లగా నొక్కాను కూడా. కొత్త గుడ్డ పెట్టి ప్లాస్టర్ వేశాను. సిస్టర్ వచ్చేసరికి అంతా అయిపోయింది. ప్లాస్టర్ నాలుగు అంచులూ సమానంగా ఉన్నాయని మెచ్చుకుని సంతకం పెట్టింది. తల్లి దగ్గరికొచ్చి, "నీ చెయ్యి మంచిది బిడ్డా. నొప్పి తెల్వలేదంటది," అంది. నేను నవ్వాను. లోపల కొంచెం గుచ్చుకుంది కానీ మధ్యాహ్నం భోజనానికి మరిచిపోయాను.

నేను కట్టు కట్టిన మూడో రోజు బాలింతకు జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది. కట్టు విప్పితే కుట్ల చుట్టూ ఎర్రగా ఉబ్బి ఉంది, ఒక చివర నుంచి చీము కారుతోంది. డాక్టరు గారు చూసి గట్టిగా అరవలేదు, దానికే నాకు భయం వేసింది. "ఎవరు ముట్టిండ్రు దీన్ని?" అని మాత్రం అడిగారు. రూమ్మేట్ నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

ఇన్‌ఛార్జి సిస్టర్ వంగి మంచం కింద చూసింది. చాప పక్కన చిన్న గుడ్డ మూట ఉంది. బయటికి లాగింది. గుడ్డలోంచే పసుపు కొమ్ముల వాసన, ఏదో చెట్టు బెరడు వాసన వస్తున్నాయి. "ఇగో, దొరికింది. ఏం పూసినవ్ కుట్ల మీద? ఎన్నిసార్లు చెప్పాలె మీకు?" అని తల్లి మీద లేచింది.

ఆమెకు అర్థమయ్యేసరికి కొంచెం సేపు పట్టింది. "పూయలే. ఇంటికి పోయినంక నీళ్ళల్ల వేసి తానం పోద్దామని తెచ్చిన," అంది. "మా అమ్మ ముట్టలే," అని కూతురు జ్వరంలోనే మూలిగింది. ఎవరు వింటారు? నేను ఆ మూట వైపు చూశాను. ముడి గట్టిగా బిగిసి ఉంది. ఇంటి దగ్గర వేసిన ముడి, ఒక్కసారి కూడా విప్పలేదు. గుడ్డ మీద ఒక్క తడి మరక లేదు. నేను దాన్ని చూశాను, చూసి ఊరుకున్నాను. మూడేళ్ళు అన్నీ గమనించాలని నేర్పితే, నేర్చుకున్నది నోరు మూసుకోవడానికి పనికొచ్చింది.

సిస్టర్ నా వైపు తిరిగింది. "నువ్వు గదా అవగాహన ప్రాజెక్టు చేస్తున్నది. ఈమెకు అర్థమయ్యేటట్టు చెప్పు," అని డాక్టరు గారి వెనక వెళ్ళిపోయింది.

చెప్పాను. ఇది రాయడానికి నాకు ఎంత సిగ్గుగా ఉందో చెప్పలేను. ఆమెను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, అదే ఫోన్ తీసి, పసర్లు పూస్తే పుండు ఎట్లా చెడుతుందో చూపించే వీడియో పెట్టాను. కంటికి కనబడని పురుగులుంటాయని, చేతుల నుంచే పాకుతాయని, సబ్బుతో కడుక్కోవాలని విడమరిచి చెప్పాను. ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వాటినే తిప్పి తిప్పి చూసుకుంటూ వింది. వీడియో అయిపోయాక తలెత్తింది.

"నేను ఏం పూయలే బిడ్డా. కానీ ఆ రోజు నువ్వు కట్టు కట్టినంక దాని కొంగు సర్దిన. నా చెయ్యి తగిలిందేమో. నా చేతుల వల్లనే అయ్యిందా?"

కాదు అని ఉంటే సరిపోయేది. తెలియదు అన్నా సరిపోయేది. మళ్ళీ ఆ మాటే నా నోట్లోంచి రాలేదు.

"అవ్," అన్నాను.

ఆ రోజు సాయంత్రం హాస్టల్లో రూమ్మేట్ నా మంచం దగ్గరికొచ్చి నిలబడింది. "నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అంది. నేను ఏమన్నానో పొల్లుపోకుండా గుర్తుంది. "చెప్పు. నన్ను ఒక్కదాన్నే అడగరు. పక్కన నిలబడి చూసుకుంట ఊకున్న నిన్ను గూడ అడుగుతరు." ఆమె తన పరుపు చుట్టుకుని పక్క గదికి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆమె ఖమ్మంలో నర్సు. పండగలకు ఫోన్ చేసుకుంటాం, పిల్లల గురించి మాట్లాడుకుంటాం. ఆ వార్డు ఊసు మాత్రం ఇద్దరం ఎత్తం.

ఆమె వెళ్ళిపోయాక నేను ఫోన్ పట్టుకుని వెతికాను. పెద్ద ఆపరేషన్ తర్వాత కుట్లు ఎందుకు చీము పడతాయి? బోలెడు కారణాలు దొరికాయి. రక్తం తక్కువుంటే పడతాయట. షుగరుంటే పడతాయట. ఆపరేషన్ గదిలోనే అంటుకోవచ్చట, బయటపడడానికి రోజులు పడుతుందట. ఒక్కొక్కటీ చదువుతుంటే ప్రాణం తేలికపడింది. ఎవరు రాశారని అడగలేదు, ఎప్పుడు రాశారని అడగలేదు. ఫోన్ల మీద ఉండే సూక్ష్మజీవుల గురించి ఒక పేజీ ఎదురొచ్చింది, దాన్ని తెరవకుండా దాటేశాను. ఊరందరికీ ఏది నమ్మాలో చెప్పినదాన్ని, నా దగ్గరికి వచ్చేసరికి నాకు పనికొచ్చేదే నమ్మాను. నిజానికి ఆ చీము నా వేళ్ళ నుంచే వచ్చిందని ఈ రోజుకీ ఒట్టేసి చెప్పలేను. ఇంకెక్కడి నుంచైనా వచ్చి ఉండొచ్చు. కానీ ఆ మూటలోంచి రాలేదని మాత్రం నాకు ఆ రోజే తెలుసు.

కుట్లు విప్పి, లోపల కడిగి, మళ్ళీ కుట్టారు. ఆ బాలింత మూడు వారాలు దవాఖానాలోనే ఉంది. రెండు రోజులు ఆమె బతుకు మీద అందరికీ భయం పట్టుకుంది, డాక్టరు గారు గంటకోసారి వచ్చి చూసేవారు. ఆ రెండు రోజులూ నేను నోరు తెరవలేదు. తల్లిని మంచం దగ్గరికి రానివ్వలేదు. రానిచ్చినా ఆమె వచ్చేది కాదేమో. గుమ్మం బయటే నిలబడి లోపలికి తొంగి చూసేది. పసిపిల్లను పాలకు దగ్గర పెట్టడం, మళ్ళీ పడుకోబెట్టడం పక్క మంచం వాళ్ళు చేసేవాళ్ళు. ఒకసారి పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే ఆమె రెండడుగులు లోపలికి వేసి, ఆగి, చేతులు వెనక్కి పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. నేను మందుల ట్రే పట్టుకుని అక్కడే ఉన్నాను.

పోస్టింగు ఆఖరి రోజు సిస్టర్‌కు చెప్పేద్దామని ఆమె గది దాకా వెళ్ళాను. "ఏందమ్మా?" అంది తలెత్తకుండా. "ఏం లేదు సిస్టర్, పోయొస్తమని చెప్దామని వచ్చిన," అని వెనక్కి తిరిగాను. గుమ్మం దాటాక ఏడుపొచ్చింది. ఏడుపు ఎవరికి కావాలి!

ప్రాజెక్టు కాగితాలు క్లాసులో పంచాను. రోగిని ముట్టే ముందు చేతులు శుభ్రం చేసుకుంటారా? ఎప్పుడూ. మురికి వస్తువు ముడితే గ్లౌజులు మార్చుకుంటారా? ఎప్పుడూ. ఒకరిద్దరు తప్ప అందరూ అదే గడిలో టిక్కు పెట్టారు. అందరం అబద్ధాలకోరులమని కాదు. అడిగే ప్రశ్నకు ఏ జవాబు కావాలో మాకు బాగా తెలుసు, అంతే. నాకూ ఒక కాగితం మిగిలింది. పేరు రాయక్కర్లేదు, ఎవరికీ తెలియదు. అయినా నేను "ఎప్పుడూ" దగ్గరే టిక్కు పెట్టాను. ప్రాజెక్టు చదివి వినిపిస్తే చప్పట్లు కొట్టారు, నా రూమ్మేట్ కొట్టలేదు. మా విద్యార్థినులకు అవగాహన బాగుందని ఆఖరి పేజీలో నేనే రాశాను.

కొన్ని నెలలకు ఊళ్ళల్లో తిరిగే పోస్టింగు పడింది. ఒక రోజు ఆశా కార్యకర్త వెంట ములకలపల్లి అవతలి ఊళ్ళకు వెళ్ళాను, పసిపిల్లల బరువు చూసి కార్డుల్లో రాయడానికి. జాబితాలో ఆ ఊరు పేరు ముందే చూశాను. కడుపు నొప్పని చెప్పి మానేద్దామనుకున్నాను కూడా. ఎందుకో వెళ్ళాను. ధైర్యం వచ్చి కాదు, చూడకపోతే ఇక నిలవలేనని.

ఆనాటి బాలింత నన్ను గుర్తుపట్టి సంతోషంగా లోపలికి పిలిచింది. మనిషి కోలుకుంది. చీర ఉయ్యాలలో తొమ్మిది నెలల బిడ్డ పడుకుని ఉంది. ఉయ్యాలకు తాడు కట్టి ఉంది. ఆ తాడు రెండో కొస పట్టుకుని, గదికి ఆ మూల కూర్చుని, ఆమె తల్లి ఊపుతోంది.

"మీ అమ్మ అంత దూరం కూర్చుందేంది?" అన్నాను.

"మా అమ్మ దీన్ని ఎత్తుకోదు సిస్టరమ్మా," అంది కూతురు. "దవాఖాన్ల ఉన్న కాడికెంచి గిట్లనే. నేను కూలికి పోతే పక్కింట్ల ఇచ్చి పోత. ఊళ్ళ తానాలు పొయ్యడం గూడ బందు పెట్టింది. ఎవ్వలొచ్చి పిలిచినా పోదు. నా చేతులల్ల పురుగు ఉన్నది, పిల్లలకు అంటుకుంటది అంటది."

తల్లి నన్ను చూసి నవ్వింది. తాడు వదిలి రెండు చేతులూ ముందుకు చాపింది. బట్టల సబ్బుతో రుద్దీ రుద్దీ వేళ్ళ కణుపుల దగ్గర తోలు చిట్లి ఉంది. అరచేతుల్లో తెల్లటి పగుళ్ళు. మా క్లాసు మొత్తంలో అన్నిసార్లు చేతులు కడుక్కున్న మనిషి లేదు.

"నువ్వు చెప్పినట్టే కడుగుతున్న బిడ్డా. దినాం కడుగుతున్న. నీ ఫోన్ల జూసి చెప్పు, ఇంక ఎన్ని దినాలు కడిగితే పోతది?"

నేను ఆమె ముందు నేల మీద కూర్చున్నాను. "పెద్దమ్మా, నీ చేతులల్ల ఏం లేదు. అది నీ వల్ల కాలేదు. కట్టు కట్టేటప్పుడు నేనే ఫోను ముట్టి, అదే చేతితోని కుట్లు ముట్టిన. నాకు తెలిసి గూడ నీ మీద పెట్టిన," అన్నాను. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

ఆమె తల అడ్డంగా ఊపింది. "నా మీద జాలితోని అంటున్నవ్ బిడ్డా. నువ్వు మంచిదానివి," అంది. ఆ రోజు "అవ్" అంటే ఒక్కసారికే నమ్మింది. ఈ రోజు కాదు అంటే నమ్మడం లేదు.

కూతురు మాత్రం నమ్మింది. ఆమె ముఖంలో నవ్వు మెల్లగా పోయింది. "నువ్వు ఫోను తీసింది నేను జూసిన," అంది. "సిస్టరు గదా, గట్లనే చేస్తరేమో అనుకున్న."

క్షమించమని అడగాలనుకున్నాను, అడిగే ముఖం లేదు. కూతురు తల్లి దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చుంది. "ఇప్పుడన్నది మళ్ళ అను. ఒక్కొక్క మాట అను. నేను మా భాషల చెప్త," అంది నాతో. నేను ఒక్కో వాక్యం చెప్పాను. ఫోన్ తీశాను. గ్లౌజులు మార్చలేదు. కుట్లు నొక్కాను. మూట ముడి విప్పలేదని చూశాను. నీ వల్లనా అని అడిగితే అవ్ అన్నాను. కూతురు ప్రతి వాక్యాన్నీ నా నుంచి తీసుకుని తల్లికి వాళ్ళ మాటల్లో అందించింది. తల్లి ఈసారి నా ముఖం చూడలేదు, కూతురి ముఖమే చూస్తూ వింది. ఆశా అక్క బయట నుంచి నన్ను పిలుస్తోంది. తర్వాత తల్లి నా వైపు తిరిగి తెలుగులోనే అడిగింది.

"మరి ఇన్ని నెలలు?"

ఆమె చేతులు చీరకు తుడుచుకుని లేచింది. ఉయ్యాల దగ్గరికి వెళ్ళి, వంగి, పిల్లను ఎత్తుకుంది. ఒక చేయి మెడ కింద, ఒక చేయి నడుం కింద, పసిగుడ్డును పట్టినట్టు పట్టుకుంది. ఆ పిల్ల అప్పటికే కూర్చునే పిల్ల, ఆ పట్టు దానికి తెలియదు. ఆమె ముఖం చూసి, కొత్త మనిషిని చూసినట్టు బెదిరి, అమ్మ వైపు చేతులు చాచి కెవ్వున ఏడ్చింది. కూతురు అందుకోబోయింది. తల్లి ఇవ్వలేదు. ఏడ్చే పిల్లను గుండెకు అదుముకుని గుమ్మం దాటి ఎండలోకి నడిచింది. ఆ ఏడుపు ఇళ్ళ మధ్య నుంచి దూరమవుతూ చాలాసేపు వినిపించింది. నేను అక్కడే నేల మీద కూర్చుని విన్నాను.